రెండో వారం ప్రేక్షకురాలు: తెలుగు నాయికా ప్రధాన చిత్రాల జయాపజయాలపై అధ్యక్షోపన్యాసం

తెలుగులో నాయికా ప్రధాన చిత్రాలు ఆడవన్న మాట ఫిల్మ్ నగర్ కార్యాలయాల్లో పుట్టి పరిశోధన వ్యాసాలకు పీఠికావాక్యంగా చేరింది గాని, దాన్ని లెక్కలతో నిరూపించిన వారు ఇంతవరకు లేరు. కథను మలుపు తిప్పే నిర్ణయాలు స్త్రీ పాత్ర చేతిలో ఉన్న చిత్రాన్ని నాయికా ప్రధాన చిత్రమనాలి. పోస్టరు మీద ఎవరి బొమ్మ పెద్దదో చూసి జాబితాలు వేసే పద్ధతి కొందరు ఆచార్యులకు సులువుగా తోచినా, ఆ పద్ధతిలో 1963 నాటి ‘లవకుశ’ నాయక చిత్రమవుతుంది. పేరు కొడుకులదీ కథ సీతదీ అయిన ఆ చిత్రానికి పల్లెల నుంచి బండ్లు కట్టుకొని వచ్చిన ఆడవాళ్ళు అంజలీదేవి కష్టాన్ని చూడడానికి వచ్చారా, రామారావు కిరీటాన్ని చూడడానికి వచ్చారా అన్న ప్రశ్న ఆ జాబితాకారులకు ఎన్నడూ తట్టలేదు.

1938లో గూడవల్లి రామబ్రహ్మం కాంచనమాలతో తీసిన ‘మాలపిల్ల’ నుంచి 1985 నాటి ‘ప్రతిఘటన’, 1990 నాటి ‘కర్తవ్యం’ దాకా ఉన్న వరుస ప్రతినిధులకు తెలిసినదే గనుక దాన్ని ఇక్కడ తిరిగి చదవవలసిన పని లేదు. ఆ వరుసలో తగినంత పరిశీలనకు రాని అంశం యాజమాన్యం. భానుమతి దంపతులది భరణీ పిక్చర్స్, అంజలీదేవి దంపతులది అంజలీ పిక్చర్స్. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో దర్శకత్వం వహించి తీసిన భానుమతి గాని, 1957లో ‘సువర్ణసుందరి’ని నిర్మించిన అంజలీదేవి గాని, తమ పాత్రకు కథలో ఎంత చోటుండాలో మరొకరిని అడగవలసిన స్థితిలో లేరు. 1968లో సావిత్రి ఎక్కువగా స్త్రీలనే సాంకేతిక నిపుణులుగా పెట్టుకొని తీసిన ‘చిన్నారి పాపలు’ ఆడకపోవడాన్ని స్త్రీ దర్శకత్వానికే అపజయంగా చెప్పేవారు, నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకానికెక్కిన విజయనిర్మల దగ్గరికి వచ్చేసరికి మౌనం వహిస్తారు.

విజయకారణాలను వేరుచేసి చూడడానికి తెలుగు సినిమా తనంతట తానే ఒక ప్రయోగాన్ని సిద్ధం చేసి పెట్టింది. నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డి, దర్శకుడు కోడి రామకృష్ణ కలిసి గ్రాఫిక్స్ ప్రధానంగా తీసిన చిత్రాల్లో 1995 నాటి ‘అమ్మోరు’లో సౌందర్య, రమ్యకృష్ణ, 2004 సంక్రాంతికి వచ్చిన ‘అంజి’లో చిరంజీవి, 2009 సంక్రాంతికి వచ్చిన ‘అరుంధతి’లో అనుష్క కనిపిస్తారు. నిర్మాత మారలేదు, దర్శకుడు మారలేదు, దుష్టశక్తికీ దైవశక్తికీ జరిగే పోరాటమనే ముడిసరుకూ పెద్దగా మారలేదు. అయినా జాతీయ పురస్కారం పొందిన గ్రాఫిక్స్‌తో, అప్పటి అగ్రనాయకుడితో వచ్చిన ‘అంజి’ పెట్టుబడికి తగ్గ ఫలితం ఇవ్వకపోగా, నాయికలు నడిపిన రెండూ ఘనవిజయం సాధించాయి. ‘అరుంధతి’ విజయాన్ని పూర్తిగా గ్రాఫిక్స్ ఖాతాలో వేసిన విమర్శకులు ఈ మూడు చిత్రాలనూ ఒకే బల్ల మీద పెట్టి చూసిన దాఖలా లేదు. ఆ చిత్రంలోని బంగళా బనగానపల్లెదైనా కథ మాత్రం గద్వాల సంస్థానానిదని ఆ ప్రాంతపు ప్రతినిధులు గుర్తుచేస్తే అది న్యాయమే.

గద్వాల మీదుగా పాలమూరు ప్రస్తావన వచ్చినప్పుడు 2015 నాటి ‘రుద్రమదేవి’ని దాటవేయడం కుదరదు. వర్ధమానపురాన్నేలిన గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ నటించడం వల్లనే ఆ చిత్రం గట్టెక్కిందన్న వాదం విడుదలనాడే మొదలై నేటికీ నడుస్తున్నది. ఆ పాత్రకు దక్కిన ఈలలు నిజమే. అయితే తెలంగాణ ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించిన సంగతిని, టైటిల్ పాత్ర భారాన్ని అనుష్క మోసిన సంగతిని పక్కన పెట్టి, వసూళ్ళన్నిటినీ అతిథి ఖాతాకు రాయడం లెక్కల శాస్త్రం అనిపించుకోదు.

అసలు చిక్కు ప్రదర్శన వ్యాపారంలో ఉంది. పంపిణీదారు నిర్మాతకు ముందే చెల్లించి, నష్టం వచ్చినా తిరిగి అడగకూడని మొత్తాన్ని మినిమం గ్యారంటీ అంటారు. పన్నులు, హాలు అద్దె పోగా పంపిణీదారుకు మిగిలేది షేరు. పోచంపల్లి చీర మీది బొమ్మ మగ్గం ఎక్కకముందే, నూలుకు చిటికి కట్టి రంగులో ముంచేటప్పుడే తేలిపోయినట్టు, నైజాం హక్కులకు ఎంత గ్యారంటీ, ఎన్ని హాళ్ళు, ఏ వారం అన్న బేరాల్లోనే నాయికా చిత్రపు తలరాత చాలావరకు తేలిపోతుంది. నూరు రోజుల ఆట మీద ఆదాయం ఆధారపడిన కాలంలో మొదటి మూడు రోజులు అభిమానులవైతే, రెండో వారం నుంచి హాలును నిలబెట్టింది ఇంటిపని ముగించుకొని మ్యాట్నీకి వచ్చే స్త్రీలు. వేలాది హాళ్ళలో ఒకేసారి విడుదల చేసి మొదటి వారాంతంలోనే పెట్టుబడి రాబట్టుకొనే పద్ధతి వచ్చాక ఆ ప్రేక్షకురాలు రావలసిన రోజుకు చిత్రమే హాల్లో ఉండదు. ఆమె రాలేదనడం కన్నా ఆమె కోసం ఎవరూ ఆగలేదనడం సమంజసం.

ఈ వాదానికి బలమైన సాక్ష్యం సినిమా బయటే దొరుకుతుంది. ‘కార్తీకదీపం’ ధారావాహిక 2017 నుంచి ఐదేళ్ళకు పైగా సాగి దాని నాయిక వంటలక్కను ఇంటింటి మనిషిని చేసినప్పుడు, స్త్రీ కథకు ప్రేక్షకులు లేరన్న పండితులు ఏ ఛానల్ చూస్తున్నారో తెలియదు. హాల్లో కొద్ది రోజుల ఊపిరి దొరికిన చోట్లా ఇదే రుజువైంది. స్వప్న, ప్రియాంక దత్‌లు నిర్మించిన ‘మహానటి’ 2018లోనూ, నందినీ రెడ్డి దర్శకత్వంలో ‘ఓ బేబీ’ 2019లోనూ నోటి మాట మీద నిలబడ్డాయి. 2025 ఆగస్టు చివర వచ్చిన మలయాళ నాయికా ప్రధాన చిత్రం ‘లోక’ అదే విధంగా పెరిగి ఆ భాషలో అప్పటిదాకా అత్యధిక వసూళ్ళు సాధించిన చిత్రం కాగా, దాని వెనుకే సెప్టెంబరులో వచ్చిన ‘ఘాటి’ అనుష్క పేరున్నా నిలవలేదు. కాబట్టి నాయిక పేరొక్కటే మంత్రమన్న ఎదుటి పక్షపు అతివాదమూ ఒప్పదగినది కాదు.

2014–2017 నాటి 350 హాలీవుడ్ చిత్రాలను పరిశీలించి, ప్రతి బడ్జెట్ స్థాయిలోనూ స్త్రీలు నడిపిన చిత్రాల సగటు వసూళ్ళే మిన్న అని 2018 చివరలో క్రియేటివ్ ఆర్టిస్ట్స్ ఏజెన్సీ, షిఫ్ట్7 సంస్థలు ప్రకటించిన అధ్యయనాన్ని ఇక్కడి సదస్సుల్లో తరచు వల్లిస్తున్నారు. ఆ ఫలితం ఆనందదాయకమే గాని, నైజాం, సీడెడ్, కోస్తా అంటూ పంపిణీ ప్రాంతాల వారీగా ముక్కలుగా అమ్ముడయ్యే చిత్రానికి దాన్ని యథాతథంగా అంటగట్టడం పరిశోధన కాదు.

తెలంగాణ నేల నుంచే వచ్చిన రెండు చిత్రాలు జంటగా పరిశీలించదగినవి. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’, దాసరి నారాయణరావు 1997లో తీసిన ‘ఒసేయ్ రాములమ్మా’ రెండూ దొర గడిలో నలిగిన స్త్రీ గురించినవే. మొదటిది అర్చన నటనకు, వైకుంఠం కళా దర్శకత్వానికి, మిర్యాలగూడకు చెందిన పిట్టంపల్లి సుదర్శన్ దుస్తుల రూపకల్పనకు పురస్కారాలు సహా ఐదు జాతీయ పురస్కారాలు తెచ్చింది. రెండోది విజయశాంతికి రాజకీయాల్లోనూ విడవని పేరు తెచ్చింది. ఈ రెంటి మధ్య దూరాన్ని కళకూ వ్యాపారానికీ ఉన్న దూరమని తేల్చేయడం సోమరితనం. తిరగబడిన రాములమ్మను చూసిన మ్యాట్నీ హాలు, మౌనంగా నలిగిన దాసిని ఎలా చూసి ఉండేదో ఆలోచించవలసి ఉంది.

పోచంపల్లిలో జరుగుతున్న ఈ సదస్సులో 2019 నాటి ‘మల్లేశం’ ప్రస్తావన తప్పదు. ఒక్క చీరకు కొయ్యల చుట్టూ సుమారు 9 వేల సార్లు చెయ్యి తిప్పి ఆసు పోసే తల్లి లక్ష్మి భుజం నొప్పే ఆ కథకు కారణం. అయినా, యంత్రం కనిపెట్టిన కొడుకు పేరు మీద ఉన్నందువల్ల అది ఏ నాయికా చిత్రాల జాబితాలోనూ చేరలేదు. నాలుగైదు గంటల ఆసును గంటన్నరకు కుదించిన ఆ యంత్రం స్త్రీలకు మిగిల్చిన గంటల్లో ఎన్ని సినిమా హాలుకు, ఎన్ని టీవీకి, ఎన్ని మరో చీర పనికి పోయాయో లెక్క కట్టడం బాక్సాఫీసు పరిశోధనకు బయటి విషయమని కొందరు నవ్వవచ్చు. నిజానికి ఆ లెక్కే అసలు పునాది. తీరిక లేని ప్రేక్షకురాలి అభిరుచిని చర్చించడం గాలిలో మేడ కట్టడమే.

హాలుకు వచ్చిన ప్రేక్షకురాలి లెక్కకు ఆధారం డీసీఆర్ అనే రోజువారీ వసూళ్ళ పత్రం. ఆటల వారీగా, తరగతుల వారీగా తెగిన టికెట్ల సంఖ్య అందులో ఉంటుంది. ఆడవాళ్ళకు వేరే తరగతి ఉన్న పాత హాళ్ళలోనైతే స్త్రీల సంఖ్య కూడా దొరికే అవకాశముంది. అభిమాన సంఘాల మీద గ్రంథాలు వచ్చాయి గాని, ఈ పత్రాల జోలికి పోయిన పరిశోధన దాదాపు లేదు. ఒంటి తెర హాళ్ళు గోదాములుగా, కల్యాణ మండపాలుగా మారుతున్న కొద్దీ ఆ కట్టలు తూకానికి పోతున్నాయి. భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ పట్టణాల్లో మూతపడిన హాళ్ళ యజమానుల ఇళ్ళకు వెళ్ళి, ఉన్నంతవరకు పత్రాలను ఫోటోలు తీసి, టికెట్లు చింపిన వారితోను, మహిళల క్యూ చూసుకున్న వారితోను మాట్లాడి నమోదు చేయడానికి ఒక ఉపసంఘం కావాలన్న తీర్మానం మధ్యాహ్నపు సమావేశంలో చర్చకు వస్తుంది. సిద్ధాంతాల మీద ఆసక్తి ఉన్న ప్రతినిధులు కూడా ఆ ఉపసంఘంలో పేర్లు ఇవ్వవలసిందిగా ఈ పీఠం కోరుతున్నది.