ఇనుపతుప్పులో చిక్కిన యురేనియం



ఎర్రనేలకు ఆ రంగు ఇనుము వల్ల వచ్చిందని మీకు తెలియనిది కాదు. నేలలోని ఇనుము గాలితో, నీటితో కలిసి తుప్పు పడుతుంది. అరుగులకు అలికే జాజు కూడా ఆ జాతిదే. దానిలోని ఎర్ర ఖనిజాన్ని హెమటైటు అంటారు. ఈ ఖనిజానికి ఒక గుణం కలదు. నీటిలో కరిగి పారే యురేనియాన్ని పట్టి నిలుపుతుంది.

యురేనియంతో మనకేమి పని అని మీరడగవచ్చు. కడప జిల్లా తుమ్మలపల్లె ప్రాంతపు సున్నపుజాతి రాతిలో యురేనియం ఉన్నది. గనులు లేని ఊళ్లలో కూడా కొన్నిచోట్ల అది రాతిలోనుంచి బోరు నీళ్లలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. రంగు లేదు, వాసన లేదు. మోతాదు మించిన నీరు ఏళ్ల తరబడి తాగితే మూత్రపిండాలకు చెరుపు.

మరి ఇనుము పట్టుకుంటుంది గదా, భయమేమి? తిరకాసు అక్కడే ఉంది. గోడకు అంటిన బురద వానకు కొట్టుకుపోతుంది. గోడలో పెట్టి కట్టిన రాయి కదలదు. యురేనియం కూడా తుప్పుపైన అంటుకోవచ్చు, లేదా తుప్పు గట్టిపడి పెరిగేటప్పుడు లోపలే ఇరుక్కుపోవచ్చు. ఏది ఎంత అన్నది కంటికి తెలియదు, ఎక్స్‌రే కొలతలతోనే తేటపడదు.

అందుకని 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు ఇనుము, ఆమ్లజని పరమాణువులను కంప్యూటరులో పేర్చి, ఒక ఇనుము తీసి ఆ చోట యురేనియం పెట్టి చూశారు. ఒక్కొక్క అమరికకు ఎక్స్‌రే ఎట్లా రావాలో లెక్కకట్టి, అసలు కొలతతో పోల్చారు. యురేనియం ఆవేశం ఆరు, ఇనుముది మూడు. ఆ తేడా సర్దుకోవడానికి యురేనియానికి ఎదురెదురుగా రెండు ఇనుప స్థానాలు ఖాళీ కావాలని, ఆ ఖాళీల్లోకి కొంత ఉదజని చేరుతుందని తేలింది. విచిత్రమేమంటే, అన్నిటికన్న కుదురైన అమరిక ఒక్కటే చాలలేదు. అంత కుదురుగా లేనివి కూడా కలిపితేగాని కొలత సరిపోలేదు. తుప్పు పెరిగే తీరునుబట్టి ఎక్కడ చిక్కినది అక్కడే ఉండిపోయిందన్నమాట!

లోపల ఇరుక్కున్నది సులభంగా రాదు. పైన అంటినది మాత్రం సున్నపు నీటికి లొంగుతుంది. అటువంటి నీటిలోని కాల్షియం, కార్బనేటు యురేనియంతో జతకట్టి దానిని కరిగిన స్థితిలోనే ఉంచుతాయి. కాబట్టి "మా నేల ఎర్రది, మా నీళ్లకు ఢోకా లేదు" అనుకోరాదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. మోటారు కాసేపు నడిచాక, అదే నీటితో సీసా రెండుసార్లు తొలిచి నీరు పట్టండి. యురేనియం చూడమని ప్రత్యేకంగా వ్రాసి పరీక్షకు పంపండి. మామూలు పరీక్షలో దాన్ని చూడకపోవచ్చు. హద్దు దాటితే తాగడానికి, వంటకు ఆర్.ఓ. యంత్రపు నీరు వాడండి. ఆ యంత్రం వదిలే వృథా నీటిలో యురేనియం ఇంకా ఎక్కువగా ఉంటుంది గనుక, దాన్ని పశువుల తొట్టిలో పోయకండి.