ఫ్యూజు ఏల కాలినది?
(తమకలో చేసిన ప్రసంగ పాఠము)



1902లో విద్యుత్తు శివనసముద్రము నుండి సుమారు 147 కిలోమీటర్లు తీగలమీదుగా వచ్చి మన కోలారు బంగారు గనులకు చేరినది. అంత దూరము రాగల శక్తి, మన బండిలో బ్యాటరీ నుండి దీపము వరకు గల నాలుగు గజములు దాటలేక నిలిచిపోవుట వింతగా తోచును. గనులు 2001లో మూతపడినవి గాని, తీగలతో మన పని తీరలేదు.

టమాటా బండ్లు రాత్రివేళ పెద్ద రహదారి పట్టుట మీరెరుగుదురు. నడిరేయి హెడ్‌లైట్లు ఆరిపోయినచో డ్రైవరు మొదట ఫ్యూజు చూచును. అది సరియే. కాలినదాని స్థానమున సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో, లావుపాటి రాగితీగయో పెట్టుటను మాత్రము మేము ఒప్పజాలము. ఇండ్లలో ఫ్యూజుకు తోచిన తీగ చుట్టు అలవాటే బండిలోనికి వచ్చినట్లున్నది! 12 వోల్టుల బండిలో 55 వాట్ల దీపములు రెండును కలిసి సుమారు 9 ఆంపియర్లు మాత్రమే తీసికొనును. అట్టిచోట 15 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికి కాలుచున్నదనిన, తీగ ఎచ్చటనో ఒరిసి ఇనుమును తాకుచున్నదని ఊహింపవలెను. లావు తీగ పెట్టినచో ఫ్యూజుకు బదులు తీగల కట్టయే కాలును, బండియు అంటుకొనవచ్చును.

మరి వెదకుట యెట్లు? కాలిన ఫ్యూజు తీసి, ఆ రెండు కొనల నడుమ ఒక చిన్న బల్బు తగిలింపుడు. ఆ దారిలోని దీపములన్నిటి ప్లగ్గులు ఊడదీసి స్విచ్చి వేయుడు. అప్పటికిని బల్బు నిండుగా వెలిగినచో తీగ ఇనుమును తాకుచున్నదన్నమాట. తీగల కట్టను జానెడు జానెడుగా కదపుచు పోవలెను. బల్బు మిణుకుమన్న చోటనే దొంగ యున్నాడు. ముఖ్యముగా తీగ రేకు రంధ్రములో దూరు చోట్లు, మడత తలుపు కీళ్లు చూడవలెను.

ఫ్యూజు బాగుండియు దీపము మసకబారుట వేరొక కథ. ఇందు చాలమంది బల్బులు మార్చి డబ్బు పోగొట్టుకొందురు. బ్రేకు తొక్కగా వెనుక ఇండికేటరు కూడ వెలిగినచో ఎర్తును అనుమానింపుడు. విద్యుత్తు తిరిగిపోవు దారి మూసికొని, ప్రక్క బల్బు గుండా దారి చేసికొనుచున్నది. టమాటా పెట్టెల నుండి కారు రసము, కడిగిన నీరు వెనుక బోల్టునకు త్రుప్పు పట్టించును. దీపము వెలుగుచుండగా మీటరు నొక కొనను బ్యాటరీ నెగటివునకు, రెండవదానిని దీపపు ఎర్తునకు ఆనించి చూడుడు. 0.2 వోల్టులకు లోపల నుండిన మేలు. అర వోల్టు దాటినచో బోల్టు విప్పి, తెల్లని లోహము కనబడువరకు గీకి, బిగింపవలెను.

తీగలను ముట్టుకొనుటకు ముందు బ్యాటరీ నెగటివు తీగ ఊడదీయుట మరువరాదు. మీటరు పరీక్షలకు మాత్రము అది తగిలియే యుండవలెను. చీకటిలో మరమ్మతు తెమలనిచో బండిని రోడ్డు దిగువకు పూర్తిగా దించి, వెనుక దూరముగా ఎఱ్ఱ త్రికోణము నిలిపి, తెల్లవారనిండు. టమాటాలు ఒక పూట ఆలస్యముగా మార్కెట్టుకు చేరినను కొనువారుందురు.