పసివారి యాటలు – పెద్దల పాలు

(సిద్దిపేట పద్మశాలి కులబాంధవుల వార్షిక సభయందు చదువబడిన ప్రసంగము)



నూలు ధరలను గూర్చియు, మగ్గముల దుస్థితిని గూర్చియు మన మేటేట ముచ్చటించుచునే యున్నాము. నేడు మేము మూడేండ్లు మొదలెనిమిదేండ్ల వఱకు గల బిడ్డలను గూర్చి విన్నవింప నిలిచితిమి. ఇది సభలో జెప్పదగినంత విషయమా యని కొందఱు నవ్వవచ్చును. మొన్నమొన్నటి వఱకు మేమును నవ్వినవారమే.

మా తప్పును ముందుగా జెప్పుకొందుము. ఒకనాడు మా యింట చీరె కొంగున గొల్లభామను నేయుచుండగా, నాలుగేండ్ల పాప గుంతమగ్గము చెంతకు వచ్చి కండెలను రంగుల వారిగా నేలపై బేర్చి, “ఈమె కొంగు మెట్లు మెట్లుగా నున్నదేమి?” అని యడిగెను. పని చెడునని కసరి, కండెలు లాగికొని, పలక చేతికిచ్చి మూల గూర్చుండబెట్టితిమి. నాటినుండి పాప మగ్గము వంక జూడలేదు. ఆ ప్రశ్నకు సమాధాన మెంత? పడుగు పోగులను లెక్కించి, వాని నడుమ రంగునూలును జొప్పించి బొమ్మను దేర్తుము. కావున వంకరగీత యైనను బట్టపై జిన్నచిన్న మెట్లుగనే పడును. చెప్పుటకు రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషములలో లెక్కయు గలదు, రూపజ్ఞానమును గలదు, మన వృత్తియు గలదు. మేము దానిని పలకకు మార్చుకొంటిమి.

ఇట్లే యొక బడిలో మూడేండ్ల బాలునిచే నూఱు వఱకు నంకెలు వ్రాయించిరి. తల్లిదండ్రులు మురిసిరి. ఇంటికి వచ్చిన వానిని ఏడు చింతగింజలు దెమ్మనగా బిడ్డ తెల్లబోయెను. అంకె చేతికి వచ్చెను గాని సంఖ్య మనసునకు రాలేదు.

జర్మనీలో ఫ్రోబెల్ 1837లో పసివారికై యాటల బడి పెట్టెను. మాంటిస్సోరి విదుషి 1907లో రోమునగరమున బాలగృహము దెఱచి, 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మనదేశపు టుపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును మూడు మొదలెనిమిదేండ్ల కాలమును పునాది దశయని పేర్కొని, అందు ఆటకు బెద్దపీట వేసినది. పెద్దపేర్లు వినినగాని మన మనసు కదలదు గనుక వీరిని జెప్పితిమి. మన యవ్వలు వామనగుంటలు దీసిననాడు ఎవ్వరును వారిని విదుషీమణు లనలేదు.

ఆ వామనగుంటలనే చూడుడు. రెండు వరుసల బదునాలుగు గుంటలు. గుంట కైదు గింజల చొప్పున నింపిన డెబ్బది. నింపునప్పుడే బిడ్డకు అయిదవ యెక్కము చేతివ్రేళ్ల కబ్బును. ఇక బులిమేక యాట: ఇరువది మూడు కూడళ్లు, మూడు పులులు, పదునైదు మేకలు. బలములేని మేకలు పొందికగా నిలిచి పులిని గట్టివేయును. ఈ యాటలో దండ్రి యప్పుడప్పు డోడవలయును. కాని యోడుచున్నట్లు బిడ్డకు దెలియరాదు. అష్టాచెమ్మ మాట వేఱుగ జెప్పనక్కఱలేదు. గవ్వలున్న యింట గూడిక నేర్ప గురువేల?

బతుకమ్మ దినములలో పూవులు కొని తెచ్చుట యిప్పుడు మన పట్టణమున మరిగిన యలవాటు. ఒక్క తెల్లవాఱుజామున బిడ్డ నెత్తుకొని చేను గట్లవెంట బొండు. తంగేడెక్కడ పూచును, గునుగెక్కడ పూచును, రంగులో ముంచిన గునుగు రంగు బట్టుటయు తంగేడు బట్టకుండుటయు నెందులకు – అడుగనిండు. కోమటి చెరువున బతుకమ్మను విడుచునప్పుడు అది యేల తేలినది, పసుపుముద్ద యేల మునిగినది యని మీరే యడుగుడు. సమాధానము రానిచో “రేపు చూతము” అనుట కవమానము లేదు.

ఇచ్చట నొక్క హెచ్చరిక. ఆటయను పేర బిడ్డచే గండెలు చుట్టించి పని గడుపుకొనువారు మనలో గలరు. బిడ్డ యిష్టమున ముట్టి యిష్టమున విడిచినది యాట. సంజె వేళకు లెక్క యప్పగింపవలసినది కూలి. రెంటిని గలుపరాదు. అన్నము దినిపించుటకు ఫోను చేతికిచ్చుటయు నాట గాదు; అది పెద్దల విశ్రాంతి మాత్రమే.

ఆసుపోయుచు వేలసార్లు చేయి త్రిప్పిన తల్లి బాధను జూచి, పెద్దచదువులు లేకయే 1999లో ఆసుయంత్రమును నిర్మించి, 2017లో పద్మశ్రీ నందిన చింతకింది మల్లేశంగారు మనవారే. ఆయన మొదట జేసిన పని చూచుట, పిదప విప్పి బిగించి తప్పు దిద్దుకొనుట. విప్పిన వస్తువునకై వీపు వాచిన బిడ్డ రెండవమాఱు దేనిని విప్పును?

మన సంఘ మేటేట పదవతరగతి నుత్తీర్ణులైన వారికి బహుమతు లిచ్చుచున్నది. సంతోషము. ఆ మొత్తములో గొంత తీసి, సంఘభవనపు వరండా నొక మూల వామనగుంటల పలకలు, గవ్వలు, పాతకండెలు, రంగునూలు ముక్కలు, ఇసుకపెట్టె యుంచుటకు సభవారు సమ్మతింప గోరుచున్నాము. ఆదివారము సాయంత్రము రెండు గంటలు తెఱచి యుంచిన జాలును. బిడ్డతో గూడ తల్లియో తండ్రియో తాతయో కూర్చుండవలెననునది యొక్కటే నియమము. చింతగింజలు మేము తెత్తుము. వడ్రంగి కూలి దాతలు చూతురని నమ్మి, ఈ తీర్మానమును సభ ముందుంచుచున్నాము.