ఖాళీ సీటుకు హామీ ఉంది, ఉల్లిగడ్డకు లేదు
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కర్నూలు నుంచి నంద్యాలకు పోయే దారిలో ఓర్వకల్లు విమానాశ్రయం మనందరం చూసిందే. రాష్ట్ర ప్రభుత్వం కట్టించింది. 2,000 మీటర్ల రన్‌వే వేసి 2021 మార్చి 25న ప్రారంభించారు. కుంఫిణీ దొరల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. సంతోషించాం. మూడు రోజులకే బెంగళూరు, చెన్నై, విశాఖలకు విమానాలు మొదలయ్యాయి.

విమానాశ్రయం వద్దని మనం అనడం లేదు. ప్రజల సొమ్ముతో కట్టింది కాబట్టి అది మనది కూడా. అందుకే ఒక లెక్క అడుగుతున్నాం.

ఈ విమానాలు వచ్చింది 2016లో కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద. చిన్న ఊళ్లకు విమానం నడిపితే గిట్టదని ప్రభుత్వానికి ముందే తెలుసు. అందుకే గంట ప్రయాణానికి సుమారు రూ.2,500 అని ధర కట్టి, సగం సీట్లు ఆ ధరకు ఇమ్మన్నారు. దానివల్ల కంపెనీకి వచ్చే లోటును మూడేళ్లపాటు భర్తీ చేస్తామన్నారు. అందులో 20 శాతం మన రాష్ట్రం వాటా. మిగతాది ఇతర రూట్ల విమానాల మీద వేసిన సుంకం నుంచి వస్తుంది. ఇదంతా విమానం ఎగరకముందే కాగితం మీద రాసుకున్న మాట.

మరి మన సంగతేమిటి? కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఉల్లిగడ్డ లేదు, టమాటా లేదు. కర్నూలు యార్డులో ఉల్లి ధర పడిపోయినా, పత్తికొండలో టమాటా రోడ్డు మీద పారబోసినా ముందుగా రాసిచ్చిన హామీ ఏదీ లేదు. మార్కెట్ జోక్యం పథకం ఉంది కదా అంటారు. ధర కూలాక రాష్ట్రం అడగాలి, కేంద్రం ఒప్పుకోవాలి. అంతదాకా టమాటా ఆగుతుందా?

పంటను విమానం ఎక్కిస్తామని 2020 బడ్జెట్‌లో కృషి ఉడాన్ ప్రకటించారు. పూలకో, ఖరీదైన పండ్లకో అది పనికిరావచ్చు. మనకు వచ్చేది 70, 80 మంది ఎక్కే చిన్న విమానం. ప్రయాణికుల సామాను పోగా సరుకుకు మిగిలే చోటు ఎంత? ఉల్లిగడ్డ అమ్మితే వచ్చే డబ్బు విమాన కిరాయికే చాలదు. మన సరుకు లారీలోనే పోవాలి, యార్డులోనే అమ్ముడుపోవాలి.

నష్టం వస్తుందని తెలిసిన చోట ప్రభుత్వం అండగా నిలబడటం తప్పు కాదు. ఆ న్యాయం విమాన కంపెనీకి ఒకటి, రైతుకు ఇంకొకటి కావడమే తప్పు. కాబట్టి మనం అడిగేవి మూడు:

1. ఉల్లి, టమాటాలకు నాటు వేయకముందే కనీస ధర ప్రకటించాలి. మార్కెట్లో అంతకు తగ్గితే తేడా సొమ్ము చెల్లించాలి. సాగు చేసిన కౌలు రైతుకే అది అందాలి.

2. ఉల్లి నిల్వకు గోదాములు, పత్తికొండ ప్రాంతంలో టమాటా గుజ్జు ఫ్యాక్టరీ ప్రభుత్వమే పెట్టాలి.

3. విమానాల లోటు భర్తీకి రాష్ట్రం ఎంత ఇచ్చింది, ఉల్లి, టమాటా రైతుకు ఎంత ఇచ్చింది అన్నది ఏటా పక్కపక్కన ప్రకటించాలి.

ఈ మూడూ రాసిన అర్జీ మీద ఊరూరా సంతకాలు చేయిద్దాం. అందరం కలిసి వెళ్లి కలెక్టరు చేతికిద్దాం. ఈసారి ఉల్లి నాట్లకు ముందే ఇద్దాం. ధర పడ్డాక రోడ్డెక్కడం కాదు, పడకముందే హామీ రాయించుకుందాం.