త్రాగుడు మానదలచినవాడు సాయంకాలము ఎక్కడ కూర్చుండవలెను?

భీమవరమునకు చేరువనున్న మా యూరిలో ఒక రైతు కలడు. వరుసకు నాకు కుమారుడగును. నాలుగెకరముల మాగాణి, ఆ మాగాణిలోనే త్రవ్వించిన చేపల చెరువు, రెండును బ్రాందీ దుకాణము పాలైనవి. పెద్దలము ముగ్గురము కూడి అతనిని మావుళ్లమ్మ గుడికి తీసికొనిపోయి ప్రమాణము చేయించితిమి. ఇరువది దినములు నిలిచెను. ఇరువదియొకటవ నాడు తప్పెను. మాకు కోపము వచ్చినది. గదిలో పెట్టి తాళము వేసినచో మూడు దినములలో దిగిపోవునని పలికినవారిలో నేనొకడను.

రెండవనాడు అతని చేతులు వణకసాగినవి. రాత్రి లేని మనుష్యులతో మాటలాడెను. తెల్లవారుజామున మూర్ఛ వచ్చినది. ఆసుపత్రికి మోసికొనిపోగా ఎట్లో బ్రతికెను. వైద్యుడు మమ్ము గట్టిగా మందలించెను. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగినవాని శరీరమును మెదడును మద్యమునకు అలవాటుపడి యుండుననియు, ఒక్కసారిగా నిలిపినచో మూర్ఛలును సంధివంటి మతిభ్రమయు కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చుననియు చెప్పెను. అట్టివాడు త్రాగుడు మానుట వైద్యుని కంటియెదుట, మందులతో జరుగవలయును. పెద్దలారా, ఈ ఒక్కమాట మీ గ్రామములలో చాటింపు వేయించినను తప్పులేదు.

ఇల్లు చేరిన వారమునకు అతడు మా అరుగుమీద కూర్చుండి, “బాబాయిగారూ, త్రాగకుండ ఉండగలనండి. కాని సాయంకాలము ఎక్కడ కూర్చుందునండి?” అని అడిగెను. నాకు బదులు తోచలేదు. అతని స్నేహితులందరును దుకాణమువద్దనే యుందురు. ఇంటిలో భార్య మాటలాడదు. రచ్చబండయొద్ద మేముందుము, మేమన్న అతనికి సిగ్గు. మేము అపరాధము వేసితిమి, ఒట్టు పెట్టించితిమి, తాళము వేసితిమి. కూర్చుండుటకు చోటు మాత్రము చూపలేదు.

దుకాణములు మూయించుట మనకు క్రొత్తగాదు. 1937లో చెన్నరాష్ట్రమున సేలము జిల్లాతో మొదలైన నిషేధము 1948 నాటికి మన గోదావరి మండలములకును వచ్చినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినది, 1997లో సడలినది. ఆ తల్లుల పోరాటమును తక్కువచేయను. అయినను దుకాణము మూసిననాడును తెరచిననాడును మా అరుగుమీదివాని ప్రశ్న అట్లే యుండును.

ఆ ప్రశ్నకు బదులు దొరకిన కథ యొకటి కలదు. 1935 మే నెలలో బిల్ విల్సన్ అను న్యూయార్కు వ్యాపారి పనిమీద అమెరికాలోని ఆక్రన్ పట్టణమునకు వచ్చెను. అతడు త్రాగుడు విడిచి అప్పటికి అయిదు మాసములే. వచ్చిన పని చెడినది. బసచేసిన హోటలులో ఒకవైపు మద్యశాల నవ్వులు వినవచ్చుచున్నవి. మరియొకవైపు ఆ యూరి చర్చిల పట్టిక కానవచ్చినది. అతడు పట్టికవైపు నడచి, పాదరులకు టెలిఫోను చేసి, తనవంటి త్రాగుబోతు నొకనిని చూపుడని వేడెను. ఆ మాట చేతులు మారి బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని చేరెను. పావుగంటకు మించి ఉండనని వచ్చిన ఆ వైద్యుడు గంటలకొలది కూర్చుండెను. విల్సన్ నీతి చెప్పలేదు. తన కథ చెప్పుకొనెను. స్మిత్ మరియొకసారి తప్పి, ఆ జూన్ 10వ తేదీన కడపటి గ్రుక్క త్రాగెను. ఆ దినమునే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పుట్టినదినముగా లెక్కింతురు. 1957లో అది బొంబాయి చేరినది.

దాని పద్ధతి సులభము. రుసుము లేదు. ఇంటిపేరు అడుగరు. మానవలెనను కోరిక యున్న చాలును. ఒకడు తన పతనమును, ఎట్లు లేచెనో చెప్పును, తక్కినవారు విందురు. తప్పి మరల వచ్చినవానిని వెళ్లగొట్టరు, మన పంచాయతికిని దానికిని గల భేదమిదే. తరచు చర్చిగదులలోనో పాఠశాలలలోనో కూడుదురుగాని అది ఏ మతమునకును చెందినది కాదు. త్రాగినవారికే పరిమితమైన కూటములును, ఎవరైనను వచ్చి వినదగిన కూటములును వేరువేరుగా నుండును. ఇంటివారికై 1951లో ‘అల్-ఆనన్’ అను సంఘము వేరుగా ఏర్పడినది. దాని సంగతి నాకు ముందే తెలిసియుండిన, ఆ కోడలితో ఇంకొకవిధముగా మాటలాడి యుందును.

వెదకుట యెట్లన్న, వ్యసనవిముక్తికై భారత ప్రభుత్వమువారు నడుపు 14446 అను టెలిఫోను సంఖ్య కలదు, పిలుచుటకు రుసుము లేదు. ప్రభుత్వాసుపత్రి మానసికవైద్యుని అడుగవచ్చును. ఆక్రనులోవలె పాదరునైనను అడుగవచ్చును. మన డెల్టాలో చర్చిలకు కొదువలేదు. కూటముల చోటును వేళయు మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు మరల విచారింపవలెను. దగ్గర లేకున్నచో రైలెక్కవలెను. పెండ్లిండ్లకు రాజమహేంద్రవరము పోమా? ఇద్దరు ముగ్గురు త్రాగుబోతులు మానవలెనని కూడినను అది కూటమేయని వారి నియమము. కావున గ్రామపెద్దలు వారమునకొక గంట పాఠశాల గది తాళపుచెవి ఇచ్చి, తాము లోపలికి పోకున్న మేలు.

మావాడు ఒంటరిగా పోజాలననెను. ప్రక్క పట్టణమునకు నేను వెంటపోతిని. గుమ్మము దాక నడిపించి, ఎదుటి కాఫీహోటలులో కూర్చుంటిని. గంటన్నరకు బయటికి వచ్చెను, కన్నులు ఎఱ్ఱబడియున్నవి. నేనేమియు అడుగలేదు. బస్సు ఉండి దాటిన పిమ్మట అతడే, “లోపల ఒకాయన నా కథే చెప్పాడండి బాబాయిగారూ. వచ్చే ఆదివారము కూడ తోడు వస్తారా?” అనెను.