"అర్థమైంది సార్" అనే అబద్ధం

(ఇంటర్ బైపీసీ చదువుతున్న మన పిల్లల వేసవి శిబిరంలో మాట్లాడిన మాటలివి. చాలామంది అడిగారని రాసి పెడుతున్నాను.)

 

నన్ను మోటివేషన్ స్పీచ్ ఇవ్వమన్నారు. అది నాకు రాదు. నేను చెప్పిన ఒక అబద్ధం గురించి చెప్తాను. మీలో చాలామంది రోజూ చెప్పే అబద్ధమే. క్లాసులో సార్ "అర్థమైందా?" అంటారు. అందరం ఒకే గొంతుతో "అర్థమైంది సార్" అంటాం. అదే.

ఎందుకంటాం? ఇంట్లో మనది ఒక భాష. బడిలో తెలుగు. ఇంటర్ కొచ్చేసరికి ఇంగ్లీషు. "విషమయుగ్మజం" అని తెలుగులో చెప్పినా, "హెటిరోజైగస్" అని ఇంగ్లీషులో చెప్పినా మనకి రెండూ పరాయి మాటలే. లేచి అడిగితే పక్కవాళ్ళు నవ్వుతారేమో, "హాస్టల్ పిల్లలింతే" అంటారేమో అని భయం. అందుకే నోరు మూసుకుని బట్టీ పడతాం. నేనూ అంతే. 3:1 బట్టీ, 9:3:3:1 బట్టీ. పన్నెట్ స్క్వేర్ గీతలు గీసి గళ్ళు నింపేసేవాణ్ణి. మార్కులు బాగానే వచ్చాయి.

సెకండియర్ సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళాను. మా మేనత్త కొడుక్కి సికిల్ సెల్. కీళ్ళ నొప్పులతో రాత్రంతా ఏడ్చేవాడు. అత్తకి రెండో కాన్పు అయ్యి నెల కూడా కాలేదు. నన్ను పిలిచి అడిగింది: "ఒరే, నువ్వు ఈ చదువే కదా చదివేది. ఆసుపత్రిలో నలుగురిలో ఒకరికి వస్తుందన్నారు. పెద్దోడికి వచ్చేసింది కదా, ఇంక దీనికి రాదు కదా?"

నేను మనసులో పన్నెట్ స్క్వేర్ గీసుకున్నాను. నాలుగు గళ్ళు. ఒక గడిలో జబ్బు, అది పెద్దోడికి పోయింది. "రాదత్తా" అన్నాను.

ఇంట్లో చదువుకున్నోడు చెప్పాడు కదా అని అత్త నమ్మింది. పాపకి రక్తపరీక్ష చేయించలేదు. ఎనిమిది నెలల తర్వాత ఒళ్ళు పాలిపోయి, చేతులూ కాళ్ళూ వాచి, జ్వరమొస్తే అప్పుడు తీసుకెళ్ళారు. పాపకీ సికిల్ సెల్. జబ్బు నా వల్ల రాలేదు. కానీ ఆ ఎనిమిది నెలల ఆలస్యం నాదే.

అప్పుడు మొదటిసారి నిజం ఒప్పుకున్నాను, నాకు ఆ పాఠం అర్థం కాలేదని. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేస్తున్న మా ఊరి అక్క దగ్గరికి వెళ్ళి చెప్పాను. తిట్టలేదు. రెండు చింతపిక్కలు తెమ్మంది. ఒక్కోదాన్ని ఒక వైపు బండ మీద అరగదీసింది. ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. మనం ఆడుకునే పిక్కలే.

"ఒక పిక్క అమ్మ, ఒక పిక్క నాన్న. నలుపు మామూలు జన్యువు, తెలుపు సికిల్ జన్యువు. అమ్మ దగ్గరా రెండూ ఉన్నాయి, నాన్న దగ్గరా రెండూ ఉన్నాయి. కానీ బిడ్డకి ఒక్కొక్కరు ఒక్కటే ఇస్తారు. నీ పుస్తకంలో క్షయకరణ విభజన అని రాసింది ఇదే. ఇప్పుడు వెయ్యి" అంది.

వేశాను. రెండూ నలుపు పడితే జబ్బు లేదు. ఒకటి నలుపు, ఒకటి తెలుపు పడితే క్యారియర్. రెండూ తెలుపు పడితే జబ్బు. నాకు రెండూ తెలుపు పడ్డాయి. "మళ్ళీ వెయ్యి. ఇందాక ఏం పడిందో పిక్కకి గుర్తుంటుందా?" అని అడిగింది.

నాకక్కడ వెలిగింది. ప్రతి కాన్పుకీ పిక్కలు కొత్తగా పడతాయి. నాలుగో వంతు అంటే నలుగురు పిల్లల్లో ఒకరికని పంచిన వాటా కాదు. ప్రతి బిడ్డకీ విడివిడిగా నాలుగో వంతు అవకాశం. సంవత్సరమంతా గళ్ళు నింపిన నాకు ఈ ఒక్క ముక్క తెలీలేదు.

ఆ తర్వాత పాఠం మళ్ళీ చదివాను. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలైన్ వస్తుంది. ఆ ఒక్క మార్పు వల్ల ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రరక్త కణం కొడవలిలా వంగిపోతుంది, సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. పెద్దోడి కీళ్ళ నొప్పి అదే. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది కొద్ది రోజులకే పగిలిపోతుంది. పాప పాలిపోయింది అందుకే.

ఇంకొకటి కూడా తెలిసింది. ఒక్క సికిల్ జన్యువు మాత్రమే ఉన్నవాళ్ళకి ప్రాణం తీసే మలేరియా నుంచి చాలావరకు రక్షణ ఉంటుంది. మలేరియా ఉన్న అడవుల్లో తరతరాలుగా ఈ జన్యువు నిలిచింది అందుకే. ఇది శాపం కాదు, చేతబడి కాదు, మన రక్తం చెడ్డదీ కాదు. క్యారియర్ అయిన అమ్మాయికి పెళ్ళి కాదని ఎవరన్నా అంటే చింతపిక్కలు తీయండి. ఒకరు క్యారియర్, ఇంకొకరికి ఆ జన్యువు లేదు అంటే పిల్లలకి ఈ జబ్బు రాదు. ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంటేనే ఆలోచించాలి. అందుకే పెళ్ళికి ముందే పరీక్ష చేయించుకోవాలి, మేనరికాల్లో అయితే మరీ ముఖ్యం.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేస్తామంది. పరీక్ష చేసి చేతిలో కార్డు పెడతారు సరే. ఆ కార్డు మీద ఏముందో మన భాషలో అమ్మకి ఎవరు చెప్తారు? మీరే చెప్పాలి. అందుకే మీకు అర్థం కావడం ముఖ్యం.

సాయం ఎలా అడగాలో నేను నేర్చుకున్నది చెప్తాను. "ఏం అర్థం కాలేదు" అని అడిగితే ఎవరూ సాయం చేయలేరు. పాఠం వాక్యం వాక్యం చదవండి, ఎక్కడ ఆగిపోయారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ గీత పట్టుకుని వెళ్ళి అడగండి. సార్ కి తీరిక లేకపోతే సీనియర్ని అడగండి, ఊళ్ళో ఏఎన్ఎం అక్కని అడగండి. ఫోన్లో వీడియో చూస్తే చూడండి, తర్వాత టెక్స్ట్ బుక్ తో సరిచూసుకోండి. చివరగా ఇంటి భాషలో చెల్లికో అవ్వకో చెప్పండి. వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు వచ్చినట్టు. చెప్తూ ఎక్కడ తడబడితే అక్కడ మళ్ళీ గీత పెట్టండి.

కాలేజీలో జువాలజీ లెక్చరరే లేకపోతే అది మీ తెలివి తక్కువతనం కాదు. అందరూ సంతకాలు పెట్టి అర్జీ రాయండి, మేము మీతో వస్తాం. కానీ పోస్టు నిండేదాకా ఒకరికొకరు చెప్పుకోవడం ఆపకండి.

అత్త పిల్లలిద్దరూ ఇప్పుడు మందులు వాడుతూ బడికెళ్తున్నారు. అత్త నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువు.

నేను తెచ్చిన చింతపిక్కలు ఈ సంచిలో ఉన్నాయి. తలా రెండు తీసుకోండి. అర్థం కానివాళ్ళు ముందుకి రండి, అర్థమైందన్నవాళ్ళు వాళ్ళకి చెప్పండి.

జై ఆదివాసీ!