తొడనొప్పియు, ఛాయాపటములును

జీడిమెట్ల, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల రహదారులపై తెల్లవారుజామున పరుగిడు యువజనులలో పెక్కురు వినోదమునకై పరుగిడువారు కారు. 2022వ సంవత్సరపు తెలంగాణ పోలీసు కానిస్టేబులు ఎంపికలో పురుషులకు 1600 మీటర్లు, స్త్రీలకు 800 మీటర్లు పరుగుపరీక్ష యుండెను. ఇట్టి పరీక్ష సమీపించినప్పుడు, నిన్నటివరకు కూర్చుండి చదివినవాడు నేడు తారురోడ్డుపై మైళ్లకొలది పరుగిడును. హకీంపేట క్రీడాపాఠశాల పిల్లలకు శిక్షకులు కలరు. వీనికి చేతిగడియారమే గురువు.

కొన్నివారములకు గజ్జలోనో, తొడ ముందుభాగముననో నొప్పి పుట్టును. ఆగినచో తగ్గును, పరుగిడినచో మరల వచ్చును. కండరము పట్టినదని తైలము రాచుకొనును. తుదకు ఎక్స్‌రే తీయించుకొని, ఎముక బాగుగనే యున్నదని విని, సంతోషముతో మరల పరుగునకు పోవును. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఈ సంతోషమును గురించియే.

ఎముక రాయివంటిది కాదు. బరువు పడినకొలదిని అందు పాతభాగము తొలగి క్రొత్తభాగము ఏర్పడుచుండును. తొలగుట త్వరగా జరుగును; కట్టుబడి ఆలస్యముగా జరుగును. విశ్రాంతి లేక బరువు పెంచినచో ఈ నడిమి కాలములోనే ఎముకలో సన్నని నెర్రె పుట్టును. 1855లో ప్రష్యా సైన్యవైద్యుడు బ్రైట్‌హాప్ట్, దూరము నడచిన సైనికుల పాదములలో వాపును వర్ణించెను గాని, లోన విరిగిన ఎముకను ఎరుగడు. రాంట్‌జన్ 1895లో ఎక్స్‌కిరణములను కనిపెట్టిన పిదప, 1897లో ఆ రహస్యము బయటపడెను. అట్లు రహస్యమును విప్పిన ఎక్స్‌రేయే తొలి రెండుమూడు వారములలో ఈ నెర్రెను తరచుగా చూపజాలదు. మానుచున్న ఎముక చుట్టును క్రొత్త పొర పేరుకొనిన పిమ్మటనే జాడ తెలియును. కొందరిలో అదియును తెలియదు.

అట్లని ఎక్స్‌రే వ్యర్థము కాదు. మొదట తీయవలసినది అదియే. పూర్తిగా విరిగిన ఎముకను, కొన్ని కంతులను అది చూపును. దానితో ఆగుటయే ప్రమాదము. ఐసోటోపు స్కానులో టెక్నీషియమను పదార్థమును నరములోనికి ఎక్కింతురు. ఎముక చురుకుగా పనిచేయుచోట అది చేరును. నెర్రెను ముందుగనే పట్టును గాని, చీముపట్టిన ఎముకయు అట్లే కనబడవచ్చును. ఎమ్మారైలో ఎక్స్‌కిరణములు లేవు. అయస్కాంతబలముచే మజ్జలో చేరిన నీటిని, నెర్రె గీతను, అది ఏ వైపున నున్నదియు చూపును.

ఆ వైపు తెలియుట అత్యవసరము. తొడ ఎముక మెడకు క్రింది అంచున నెర్రె యున్నచో బరువు దానిని అదిమి యుంచును. చిన్నదైనచో ఊతకర్రలతో, విశ్రాంతితో సాధారణముగా మానును. పై అంచున నున్నచో ప్రతి అడుగును దానిని లాగి విడదీయును. అది జారి విరిగినచో ఎముక తలకు రక్తము అందక, యౌవనముననే తుంటికీలు చెడవచ్చును. అందుచే అట్టివారికి మరలు బిగించు శస్త్రచికిత్సను త్వరగా చేయుదురు.

అల్ట్రాసౌండు కండరములు తెగుటను చక్కగా చూపును, ఖర్చును తక్కువ. ఎముక లోపలికి దాని చూపు పోదు. కనుక దానిలో ఏమియు లేదనినంత మాత్రమున ఎముకను గురించి ధైర్యపడరాదు. ఎమ్మారైకి అగు వ్యయము బీదకుటుంబమునకు బరువే. పరుగు మానుటకు మాత్రము వ్యయము లేదు. పటము తీయించువరకు నెర్రె యున్నట్లే భావించి కాలిపై బరువు తగ్గింపవలెను. ఒంటికాలిపై గెంతి చూడుమని స్నేహితులు చెప్పుదురు. ఆ పరీక్ష కూడదు. తిండి తగ్గించి పరుగిడు బాలికలకు బహిష్టు నిలిచినచో, దానిని సిగ్గుపడక వైద్యునితో చెప్పవలెను. ఎముక బలహీనతకు అది గుర్తు కావచ్చును.

ఇంకొక మాట. తుంటిలోని నొప్పి తొడలోను, మోకాటిలోను తెలియుట కలదు. కావున తొడ నడిమిభాగమునకు మాత్రమే పటము తీసినచో అసలుచోటు తప్పిపోవచ్చును. తుంటికీలును చేర్చి తీయవలయునా యని చీటి వ్రాయునప్పుడే వైద్యుని అడుగుడు.